నల్లగా వచ్చిన ఆడబిడ్డ ఫోటోలు

కెమెరా రిపేరు నేర్చుకుంటామని వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది స్క్రూడ్రైవర్ల గురించి. ఎంత సన్నవి కావాలి, జపాన్‌వి కొనాలా, మనవి సరిపోతాయా అని. ముందు ఒక మంచి కుర్చీ కొనండి అని చెబుతాను. మీరు కూర్చోవడానికి కాదు, కెమెరా తెచ్చిన మనిషి కూర్చోవడానికి. ముసలాయనకు చాదస్తం ముదిరిందని వాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. ముదిరితే ముదిరింది. ఈ పనిలో నాకు తెలిసినదంతా ఆ కుర్చీ దగ్గర నేర్చుకున్నదే.

హోసూరు బస్టాండు వెనక సందులో నా షాపు ఉండేది. చూపు తగ్గి, వేళ్ళు మాట వినడం మానేశాక మూసేశాను. ఇన్నేళ్ళ షాపు మూసేస్తే మనసుకు కష్టంగా లేదా అని అందరూ పరామర్శకు వచ్చినట్లు అడుగుతారు. నిజం చెప్పాలంటే ప్రాణం హాయిగా ఉంది. ఎవరిదో పెళ్లి నా టేబుల్ మీద ముక్కలుముక్కలుగా విప్పి ఉందన్న దిగులు లేకుండా రెండు పూటలా అన్నం తింటున్నాను. అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నాలుగు మాటలు చెప్పకపోతే నోరు ఊరుకోదు, అందుకే రాస్తున్నాను.

గోవిందప్ప చెప్పిన రెండు మాటలు

నేను పని నేర్చుకున్నది కృష్ణగిరిలో, గోవిందప్ప గారి దగ్గర. మామిడికాయల మండీ నడిపే ఇంట్లో పుట్టి, తక్కెడ పట్టుకోకుండా కెమెరా పట్టుకున్న మనిషి. అన్నదమ్ములు చివరిదాకా ఆయన్ని పనికిమాలినవాడి కిందే జమకట్టారు. ఆ కోపమంతా మా మీద తీర్చుకునేవాడు. దోసె చల్లారినా మాదే తప్పు, కరెంటు పోయినా మాదే తప్పు. ఒక్కసారైనా నన్ను మెచ్చుకున్నట్లు గుర్తు లేదు. ఆయన మంచి యజమాని అని నేను రాయలేను. మంచి మెకానిక్ అని మాత్రం ఎక్కడైనా రాసిస్తాను.

ఆయన నాకు నేర్పిన మొదటి మాట, కస్టమర్ చేతిలోని కెమెరాను లాక్కోవద్దని. కూర్చోబెట్టి, ఆయన చేతే ఆ తప్పు చేయించి చూడాలి. "నువ్వు ముట్టుకుంటే అది బుద్ధిగా పనిచేస్తుందప్పా. ఆయన చేతిలో ఎందుకు మొరాయిస్తా ఉందో నీకు యాడ తెలుస్తుంది?" అనేవాడు. సగం కెమెరాలు ఆ కుర్చీలోనే బాగైపోయేవి. డబ్బా తెరవాల్సిన పని ఉండేది కాదు.

రెండో మాట ఇంకా కష్టమైనది. తప్పు ఎవరిదో చెప్పకుండా కెమెరా తిరిగి ఇవ్వకూడదు. "నీదేమీ లేదు, మిషన్ చెడిపోయింది అని తియ్యగా చెప్పి పంపిస్తే మల్లా వస్తాడు. మనకి బేరమే. వానికి ఇంకో పెళ్లి ఫోటోలు పోతాయి" అనేవాడు. చెప్పడమేమో నిజమే చెప్పేవాడు కానీ మొహం మీద ఉమ్మినట్లు చెప్పేవాడు. కొందరు మళ్ళీ ఆ గడప తొక్కలేదు. నిజం ఆయన దగ్గర తీసుకున్నాను, చెప్పే తీరు మాత్రం ఆయన దగ్గర తీసుకోలేదు.

తిప్పినా మారని బొమ్మ

ఫిల్ము పోయింది, పెద్ద డిజిటల్ కెమెరాలు వచ్చాయి, తరువాత అద్దం లేని చిన్న కెమెరాలు వచ్చాయి. వీటినే మిర్రర్‌లెస్ అంటారు. చూడటానికి ముద్దుగా ఉంటాయి. పెద్ద కెమెరాకు వేలితో తిప్పే చక్రాలు, అంటే డయళ్ళు, రెండుంటే వీటిలో చాలావాటికి ఒకటే ఉంటుంది. అదే అన్ని పనులూ చేయాలి, ఒక్క కోడలున్న ఇంట్లోలాగా.

కెమెరాలో వెలుతురును నడిపేవి మూడు. షట్టరు ఎంతసేపు తెరుచుకోవాలి, లెన్సులో కన్నం ఎంత పెద్దగా ఉండాలి, లోపలికి వచ్చిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలి. ఈ మూడోదాన్ని ఐఎస్ఓ అంటారు. మాన్యువల్‌లో పెట్టామంటే మూడూ మన చేతిలోకి వచ్చాయని అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది.

బర్గూరులో నల్ల గ్రానైటు వ్యాపారం చేసే ఒకాయన ఒకసారి మండిపడుతూ వచ్చాడు. పలకల ఫోటోలు తీసి కొనేవాళ్ళకు పంపుతాడు. నల్లరాయి బూడిదరంగులో వస్తోందట. "షట్టరు ఎంత తగ్గించినా రాయి నల్లబడేదే లేదప్పా. వాళ్ళేమో ఇది ఆ రాయి గాదంటారు. ఈ డయలు ఉత్త బొమ్మ" అన్నాడు. కూర్చోబెట్టి తిప్పించాను. ఆయన షట్టరు తగ్గించిన ప్రతిసారీ కెమెరా తనంతట తానే ఐఎస్ఓ పెంచుకుంటోంది. ఆటోలో వదిలేశాడు. ఆయన ఒక చేత్తో నీళ్ళు తోడేస్తుంటే కెమెరా ఇంకో చేత్తో పోస్తోంది. చెప్పగానే ఆయనకు కోపం వచ్చింది, తరువాత నవ్వొచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్లు అని మీరు అనుకోవచ్చు కానీ, మాన్యువల్ అని పేరు పెట్టి అందులో ఒకదాన్ని ఆటోలో దాచిపెట్టిన కెమెరావాళ్ళకు కూడా నాలుగు తగిలించాలి.

కాబట్టి ఎక్స్‌పోజర్ చెప్పినట్లు వినడం లేదని ఎవరైనా వస్తే, ముందు ఐఎస్ఓ ఆటోలో ఉందేమో చూడండి. డయలుకు తాళం పడిందేమో చూడండి. ఫ్లాషు వెలగడం లేదంటే చప్పుడు లేని షట్టరులో పెట్టుకున్నారేమో అడగండి, చాలా కెమెరాల్లో అందులో ఫ్లాషు వెలగదు. ఒకే డయలున్న కెమెరాలో ఏ మీట నొక్కి తిప్పితే కన్నం మారుతుందో చాలామందికి తెలియదు, చూపించండి. ఇవన్నీ అయ్యాకే స్క్రూ జోలికి పోండి.

ఉద్దనపల్లి అత్తాకోడళ్ళు

షాపు మూసే ముందటి సంవత్సరం, ఆయుధపూజ అయిపోయి దీపావళి ఇంకా రాని రోజుల్లో, ఉద్దనపల్లి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. చిన్నామె సుజాత నాకు తెలిసిన మనిషే. భర్త హోసూరు ఫ్యాక్టరీలో పని. ఈమె చుట్టుపక్కల ఊళ్ళలో చెవులు కుట్టే ఫంక్షన్లు, సీమంతాలు ఫోటోలు తీస్తుంది. చిన్న మిర్రర్‌లెస్ కెమెరా, దాన్ని పసిబిడ్డలాగా చూసుకుంటుంది. పెద్దామె ఆమె అత్త మునెమ్మ. కూర్చోమన్నా కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడింది.

సుజాత కెమెరా సంచి ఒళ్ళో పెట్టుకుని, "సార్, రిపేరు తరువాత చేద్దురు. ముందు ఒకటి చెప్పండి. తప్పు నాదా, కెమెరాదా?" అంది.

ఏమైందో నిదానంగా చెప్పమన్నాను. ఇంట్లో ఆడబిడ్డకు, అంటే మునెమ్మ కూతురికి, పండుగ అయిన నాలుగు రోజులకు నిశ్చితార్థం జరిగింది. పెళ్లికొడుకువాళ్ళది కృష్ణగిరిలో పండ్ల మండీ. ఇంటి ఫంక్షనే కదా అని ఫోటోలు సుజాతే తీసింది. పెళ్లికొడుకు ఫోటోలు పాలలాగా వచ్చాయి. పెళ్లికూతురు పట్టుచీర కట్టుకుని వచ్చి కూర్చున్నప్పటి నుంచి తీసినవన్నీ నల్లగా వచ్చాయి. మొహం కూడా తెలియడం లేదు. ఏమీ చెప్పలేక కొన్నాళ్ళు నాన్చింది, ఆ తరువాత పెళ్లికొడుకువాళ్ళకు పంపక తప్పలేదు. పెళ్లికొడుకును పెంచింది వాళ్ళ మేనత్త, ఆ ఇంట్లో ఆమె మాటే మాట. "పిల్ల పీట మీద కూర్చోగానే చీకటి కమ్మింది. జోస్యుణ్ణి అడిగేదాకా అనుకున్న ముహూర్తం ఖాయం చేయొద్దు" అందట.

అక్కడికి ఆపేసి సుజాత తల వంచుకుంది. చెప్పాల్సింది ఇంకా ఉందని నాకు తెలుస్తూనే ఉంది.

తలుపు దగ్గర నుంచి మునెమ్మ అంది. "మిగిలింది అది చెప్పలేదుగానీ నేను చెప్తానప్పా. ఆడబిడ్డకి పెద్దింటి సంబంధం వచ్చిందని ఓర్వలేక, వదిన కావాలనే నల్లగా తీసిందంట. మా తోడికోడలు అన్నది. ఊరంతా అంటా ఉండాది. నేను అనలేదు." ఒక అడుగు లోపలికి వేసి మళ్ళీ అంది. "అనలేదుగానీ, కాదని కూడా అనలేదు. నా కండ్లతో చూద్దామనే వచ్చినాను."

నా ముందు కూర్చున్న పిల్ల కాపురం ఆ కెమెరా మీద ఆధారపడి ఉంది. ఇంకో పిల్ల పెళ్లి కూడా. అంతా కెమెరాదే తప్పమ్మా అని ఒక్క మాట అనేస్తే పోయేదానికి ఎందుకింత చూడటం అని కూడా అనిపించింది. అలా అనుంటే మునెమ్మ నమ్మేది కాదు. అబద్ధం చెప్పే మొహాలు చూసీచూసీ పండిపోయిన మనిషి ఆమె.

సుజాతను కుర్చీలో కూర్చోబెట్టి, మునెమ్మను వెలుతురు పడే చోట స్టూలు మీద కూర్చోమన్నాను. "మీరు పెళ్లికూతురనుకోండమ్మా. ఆమె ఆ రోజు ఎట్లా తీసిందో అట్లనే తీస్తుంది."

"ఈ వయసులో నాకు ఆ వేషం ఒకటి తక్కువైంది" అంటూనే ఆమె కొంగు సర్దుకుని కూర్చుంది.

సుజాత తీసింది. కెమెరా వెనక తెర మీద మునెమ్మ మొహం చక్కగా కనబడుతోంది. తీసిన ఫోటో తెరిచి చూస్తే నల్లగా ఉంది. ఒక సంగతి అప్పుడే అర్థమైంది. ఈ కెమెరాల్లో మనం పెట్టిన వెలుతురు ఎట్లా వస్తుందో తెర మీద ముందే కనబడే ఏర్పాటు ఒకటి ఉంటుంది. దాన్ని ఆపేస్తే మనం ఎంత తప్పు పెట్టినా తెర మాత్రం బాగానే వెలుగుతుంది. అడిగితే, నిశ్చితార్థానికి ముందు రోజు ఎవరి బిడ్డకో పెద్ద ఫ్లాషు లైట్లతో ఫోటోలు తీసిందట. ఆ లైట్లతో తీసేటప్పుడు ఆ ఏర్పాటు ఆపేయాల్సిందే, లేకపోతే తెర చీకటైపోతుంది. ఆమె ఆపింది సరిగ్గానే. మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయింది. బ్యాటరీ మిగులుతుందని తీసిన ఫోటో వెంటనే కనబడకుండా కూడా చేసుకుంది. ఇంటికి పోయి కంప్యూటర్లో వేసుకునేదాకా ఆమెకు తెలిసే దారి లేదు.

"ఇది నీ తప్పు తల్లీ" అన్నాను. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు. సుజాత మొహం వాడిపోయింది. మునెమ్మ నేల చూపులు చూసింది.

అయితే నాకు తృప్తి కలగలేదు. తెర మోసం చేసింది కాబట్టి ఫోటో నల్లగా ఉందని ఆమెకు తెలియలేదు, అంతవరకు సరే. అసలు నల్లగా ఎందుకు రావాలి? పెళ్లికొడుకు ఫోటోలకూ పెళ్లికూతురి ఫోటోలకూ మధ్య ఏం మార్చావని అడిగాను.

"జరీ మెరస్తా ఉందని షట్టరు ఒక్క మెట్టు మార్చినాను సార్. ఒక్కటే. అంతకు మించి దేన్నీ ముట్టుకోలేదు."

"షట్టరు ముందున్న చోటికి తెచ్చి అదే మళ్ళీ చెయ్యి, నేను చూస్తాను."

బొటనవేలితో డయలును టిక్కుమని ఒక మెట్టు తిప్పింది. తెర మీద అంకె ఎక్కడో నూటపాతిక దగ్గర ఉన్నది, అంటే సెకనులో నూటపాతికో వంతు, ఒక్కసారిగా వెయ్యో వంతుకు దూకింది. షట్టరు అంత వేగంగా మూసుకుంటే వెలుతురు ఎక్కడ పడుతుంది. ఇంకొక మెట్టు తిప్పమన్నాను. ఈసారి వెనక్కి పోయింది. నాకు కలిగిన సంతోషం ఏమని చెప్పను. జబ్బు దొరికితే డాక్టరు నవ్వకూడదంటారు, నేను మాత్రం నవ్వేశాను.

దూదికి అంటిన రంగు

డయలు విప్పి, స్పిరిటులో ముంచిన దూది పుల్లతో లోపల తుడిచాను. దూది పసుపుగా, ఎర్రగా వచ్చింది. వాసన చూశాను. గంధం. లెన్సు మీద బొట్టు పెట్టి తెచ్చినవాళ్ళను ఎందరినో చూశాను కానీ డయలు కింద గంధం చూడటం అదే మొదలు. మా వైపు ఆయుధపూజకు ట్రాక్టరు నుంచి కుట్టు మిషను దాకా బొట్టు పెట్టని పనిముట్టు ఉండదు. తడి గంధం సందులోకి జారి ఎండిపోయింది, దాని మీద కుంకుమ పొడి చేరింది. లోపలి రాగి రేకులు ఒకసారి తగులుతాయి, ఒకసారి తగలవు. కెమెరాకు లెక్క తప్పింది.

పండుగ తరువాత మీ షాపుకు ఇట్లాంటి కెమెరా వస్తే ముందు డయలే చూడండి. పూజ మానమని మాత్రం ఎవరికీ చెప్పకండి, చెప్పడానికి మనమెవరం. మెడకు వేసుకునే పట్టీకి పెట్టుకోమనండి.

ఆ రోజు నాకు ఈ సలహాలేవీ తోచలేదు. ఆ బొట్టు ఎవరు పెట్టి ఉంటారన్నదే తోచింది. ఇంట్లో పూజ చేసేది పెద్దావిడే కదా. అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండ అన్నారు పెద్దలు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే ఆ ఇంట్లో ఏ కుండ పగులుతుందోనని కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాను.

సుజాత కూడా దూది చూసింది. ఆమెకు వెంటనే తెలిసిపోయింది. అయినా, "దుమ్ము సార్. పూలతోటల్లో తిరిగి ఫోటోలు తీస్తాను గదా, ఎర్రమట్టి" అంది. తన మీద ఊరంతా నింద వేసి, అదే నిజమేమో అని అత్త కూడా ఊరుకుని, ఇన్నాళ్ళు తిండి సరిగ్గా తినని పిల్ల, తన తప్పు కాదని తేలే క్షణంలో అత్తను కాపాడబోయింది.

మునెమ్మ స్టూలు మీద నుంచి లేచి వచ్చి దూది పుల్ల నా చేతిలో నుంచి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మట్టి యాడిది. ఇది నేను అరగదీసిన గంధం" అంది. "పూజనాడు నేనే పెట్టినానప్పా. ఆ చక్రం గుండ్రంగా, బొట్టు కోసమే చేసినట్లు ఉండె. కొడుకు బండికి కూడా అంత బాగా పెట్టలేదు."

సుజాత నన్నే చూస్తూ, "అయితే సార్, తప్పు?" అని అడిగింది.

"సగం నీది. ఫోటో ఎట్లా వస్తా ఉందో చూసుకోకపోవడం నీది. డయలు దూకడం నీది కాదు."

"సగమేనా సార్?" అంది. అని, ఒక్కసారిగా ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. సగం తప్పు తనదని తెలిసి అంత తేలికపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నా భుజాల మీద బరువు కూడా దిగిపోయింది.

"ఏడవబాకమ్మా" అంది మునెమ్మ. "ఆ కృష్ణగిరి ఆమెకి ఫోను కలుపు."

తన చెవికి సరిగ్గా వినబడదని స్పీకరు పెట్టించింది. నేను లోపలికి పోయి ఉండాల్సింది, పోలేదు. పెళ్లికొడుకు మేనత్త గొంతు గంభీరంగా పలికింది. మునెమ్మ ఉపోద్ఘాతం ఏమీ పెట్టలేదు.

"వదినా, నేను ఉద్దనపల్లి మునెమ్మని. హోసూరులో కెమెరా రిపేరు షాపులో ఉండాను. పిల్ల ఫోటోలు నల్లగా వచ్చింది నా వల్ల. పూజకి కెమెరా చక్రానికి గంధము, కుంకుమ మెత్తినాను. లోపలికి దిగి మిషను చెడింది. ఇప్పుడే విప్పి చూపించినాడు. దీంట్లో పిల్ల జాతకం లేదు, మా కోడలి చెయ్యీ లేదు. ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పు."

ఈసారి ఆ గొంతు చిన్నగా వచ్చింది.

"వదినా, మా మండీలో తూకం మిషనుకి కూడా నేనే పెట్టినాను. పండగ నుంచి తూకం తప్పుతా ఉందని మా తమ్ముడు పనోళ్ళ మీద అరస్తా ఉండాడు. నేను ఇంతవరకు నోరు తెరవలేదు."

మునెమ్మ కిసుక్కున నవ్వింది. అవతల ఆమె కూడా నవ్వింది. ఇద్దరూ ఆపుకోలేక అట్లా నవ్వుతూనే ఉన్నారు, చిన్నపిల్లల్లాగా.

"జోస్యుని మాట ఏమి చేస్తాము వదినా?" అని అడిగింది మునెమ్మ.

"జోస్యుడు ఎందుకులే. అనుకున్న ముహూర్తమే ఉండనీ. పిల్లకి ఆ చీరే కట్టించి మల్లా నాలుగు ఫోటోలు తీసి పంపించండి. మీ కోడలే తీయనీ, మా వాని ఫోటోలు ఎంత బాగా తీసింది."

సుజాత కళ్ళు తుడుచుకుని ఫోను దగ్గరికి జరిగింది. తన తప్పు తాను ఒప్పుకోకపోతే ఊపిరాడని రకం. "అత్తా, సగం నాది కూడా ఉండాది. ఆమెకి అదీ చెప్పేస్తాను" అంది మెల్లగా.

మునెమ్మ అరచెయ్యి ఫోను మీద మూసింది.

"నీ సగం ఇంట్లో ఉండనీమ్మా" అంది. "బయటికి నా సగం చాలు."